మతదూషణ నేరాన్ని దొడ్డిదారిన తేవద్దు, ముస్లిం పౌరులను ఒంటరిగా వదలొద్దు

యునైటెడ్ కింగ్‌డమ్ హోం శాఖ మంత్రి గారికి,
విద్యాశాఖ మంత్రి గారికి,
పార్లమెంటు ఉభయ సభల సభ్యులకు

ప్రతులు: మసీదు కమిటీల పెద్దలకు, బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు

విషయం: భావ ప్రకటన స్వేచ్ఛకూ, ముస్లిం పౌరుల భద్రతకూ ఒకే ప్రమాణం పాటించాలని కోరుతూ సమర్పించే వినతిపత్రం

అయ్యా, అమ్మా,

చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో స్థిరపడిన తెలుగువాళ్లం ఈ వినతిపత్రాన్ని మీ ముందు ఉంచుతున్నాం. మాలో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లూ ఉన్నారు. సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ ప్రతి వాక్యం తెలిసి ఉండాలని ముందుగా తెలుగులోనే రాసుకున్నాం. మీకు అందే ఇంగ్లీషు ప్రతి దీని అనువాదమే.

మా కోరికలు పైకి రెండు వైపులకు లాగుతున్నట్టు కనిపించవచ్చు. వాటికి మూలం మాత్రం ఒకటే. ఏ మతాన్నీ, ఏ గ్రంథాన్నీ, ఏ ప్రవక్తనూ విమర్శ నుంచీ ఎగతాళి నుంచీ చట్టం కాపాడకూడదు. ఆ మతాన్ని నమ్మే మనిషి ఒంటి మీదో ఇంటి మీదో చెయ్యి పడితే మాత్రం అదే చట్టం ఆ క్షణంలోనే కదలాలి. ఈ గీతను మీ పార్లమెంటు చాలావరకు గీసింది. దాన్ని నిలబెట్టాల్సిన పాఠశాల, పోలీసు ఠాణా, నగర కౌన్సిల్, సినిమా హాలు యాజమాన్యం వంతు వచ్చేసరికి ఎవరికి వారు పక్కకు తప్పుకుంటున్నారు. దాంతో మాట్లాడినవాడు అజ్ఞాతంలోకి వెళ్తున్నాడు, బురఖా వేసుకున్న ఆడమనిషి బస్సెక్కాలంటే భయపడుతోంది. ఇద్దరి కష్టానికీ కారణం ఆ తప్పుకోవడమే.

ముందుగా బాట్లీ సంగతి. 2021 మార్చిలో వెస్ట్ యార్క్‌షైర్‌లోని బాట్లీ గ్రామర్ స్కూల్లో మత విద్య బోధించే ఉపాధ్యాయుడు మతదూషణ గురించిన పాఠంలో షార్లీ ఎబ్డో పత్రిక వేసిన ప్రవక్త కార్టూన్‌ను విద్యార్థులకు చూపించాడు. గేటు బయట జనం పోగయ్యారు. ప్రధానోపాధ్యాయుడు క్షమాపణ చెప్పాడు. ఉపాధ్యాయుణ్ణి సస్పెండ్ చేశారు. ఆయన పేరు ఊరంతా పాకింది, బెదిరింపులు మొదలయ్యాయి, భార్యాపిల్లలతో కలిసి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఎవరినీ నొప్పించాలన్న ఉద్దేశం ఆయనకు లేదని రెండు నెలల్లో విచారణ తేల్చింది, సస్పెన్షన్ ఎత్తేశారు. అయినా ఆయన ఆ బడికి తిరిగి వెళ్లలేకపోయాడు. సామాజిక సామరస్యంపై సమీక్ష జరిపిన డేమ్ సారా ఖాన్ 2024 మార్చిలో తన నివేదిక ఇచ్చారు. బడి గానీ, స్థానిక కౌన్సిల్ గానీ, పోలీసులు గానీ ఆయన పట్ల తమ బాధ్యత నెరవేర్చలేదని అందులో స్పష్టంగా ఉంది. ఆయన ఆత్మహత్య ఆలోచన వరకూ వెళ్లాడన్నదీ ఆ నివేదికలోనే ఉంది.

మాలో ఉపాధ్యాయులున్నారు. ఇక్కడి బడుల్లో గణితం, సైన్సు చెబుతున్నవాళ్లున్నారు. బాట్లీ తర్వాత స్టాఫ్‌రూముల్లో జరిగిన మాటలు వాళ్లు విన్నారు. మతం, చరిత్ర, కార్టూన్, ప్రవక్త అనే మాటలు ఒకచోట కలిసే పాఠం వస్తే ఎందుకొచ్చిన గొడవని దాన్ని దాటేయడం అలవాటైపోయింది. ఎవరూ నిషేధించలేదు, ఏ సర్క్యులరూ రాలేదు, అయినా పాఠం మాయమైంది. చట్టం పెట్టిన నిషేధాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. భయం పెట్టిన నిషేధాన్ని ఎక్కడ ప్రశ్నించాలి?

2023లో వేక్‌ఫీల్డ్‌లో జరిగింది మమ్మల్ని ఇంకా కలచివేసింది. ఒక పిల్లవాడు బడికి తెచ్చిన ఖురాన్ ప్రతికి కొద్దిగా మరకలు పడి, అట్ట నలిగింది. దాన్ని తగలబెట్టారనే పుకారు కూడా పుట్టింది. నలుగురు విద్యార్థులను సస్పెండ్ చేశారు. పోలీసులు దాన్ని నేరం కాని ద్వేష ఘటనగా నమోదు చేశారు. ఆటిజం ఉన్న ఆ పిల్లవాడికి చంపుతామని బెదిరింపులొచ్చాయి. అతని తల్లి తలమీద గుడ్డ కప్పుకుని మసీదుకు వెళ్లి, పెద్దల ముందు కూర్చుని, బిడ్డ తరఫున సంజాయిషీ ఇచ్చుకుంది. పక్కనే పోలీసు అధికారి కూర్చుని ఉన్నాడు. ఆ పోలీసు అక్కడ ఉండాల్సింది బెదిరించినవాళ్ల మీద కేసు రాసుకోవడానికి. బిడ్డ ప్రాణం కోసం ఒక తల్లి సమాజం ముందు వేడుకోవాల్సి రావడం ఏ దేశంలో జరిగినా సిగ్గుచేటే. మాలోని ముస్లిం సోదరీమణులే ఈ మాట అందరికంటే గట్టిగా చెప్పారు.

అందుకే విద్యాశాఖను కోరుతున్నాం. పాఠ్యప్రణాళికకు లోబడి చూపిన బొమ్మకో, చదివించిన పేరాకో బయటి ఒత్తిడి వచ్చిందని ఏ ఉపాధ్యాయుణ్ణీ సస్పెండ్ చేయరాదని రాతపూర్వక నియమం తేవాలి. బెదిరింపు వచ్చిన రోజే పోలీసు రక్షణ మొదలుకావాలి. ఊరు మారాల్సి వస్తే ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి చూసే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. బడి గేటుకు 150 మీటర్లలోపు నిరసనలు వద్దన్న సారా ఖాన్ సూచనను అమలు చేయాలి. నిరసన తెలిపే హక్కు తల్లిదండ్రులకు ఉంది. వాళ్లు కౌన్సిల్ కార్యాలయం ముందు కూర్చోవచ్చు, పత్రికకు రాయవచ్చు, ఎంపీని నిలదీయవచ్చు. పిల్లలు లోపలికి వెళ్లే దారిలో మాత్రం వద్దు.

ఇప్పుడు చట్టం సంగతి. ఈ విషయంలో ముస్లింలు ఒకప్పుడు అడిగిన ప్రశ్న న్యాయమైనదని ఒప్పుకోకుండా ముందుకు వెళ్లలేం. 1977లో మేరీ వైట్‌హౌస్ వేసిన ప్రైవేటు కేసులో గే న్యూస్ పత్రికా సంపాదకుడు డెనిస్ లెమన్‌ను మతదూషణ నేరం కింద దోషిగా తేల్చారు. క్రీస్తు గురించి ఆ పత్రిక వేసిన కవితకు శిక్ష ఉన్నప్పుడు, 1988లో వచ్చిన సల్మాన్ రష్దీ నవల ‘ది సటానిక్ వర్సెస్’ మీద తమ ఫిర్యాదు ఎందుకు తీసుకోరని ముస్లింలు అడిగారు. ఆ చట్టం క్రైస్తవానికి మాత్రమే వర్తిస్తుందని 1990లో కోర్టు చెప్పింది. ఒకే దేశంలో ఒకరి దేవుడికి కంచె, మరొకరి దేవుడికి లేకపోవడం అన్యాయం. ఆ కంచెను అందరికీ వేయాలా, అందరికీ తీసేయాలా అన్నదే అప్పుడు మిగిలిన ప్రశ్న. 2008లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ నేరాన్ని రద్దు చేశారు. స్కాట్లండ్ 2021లో చట్టం చేసి రద్దు చేసింది. ఉత్తర ఐర్లండ్‌లో ఇంకా మిగిలి ఉంది, దాన్నీ తీసేయాలి.

అందరికీ కంచె వేస్తే ఏమవుతుందో మేం పుట్టిపెరిగిన నేల చూసింది. ఆ చట్టం రాసింది మీ ప్రభుత్వమే కాబట్టి ఈ భాగాన్ని కాస్త ఓపికగా చదవమని వేడుకుంటున్నాం. లాహోర్‌లో ప్రవక్తను ఎగతాళి చేసే ‘రంగీలా రసూల్’ అనే పుస్తకం ప్రచురించిన రాజ్‌పాల్‌ను 1927లో హైకోర్టు విడుదల చేసింది. అప్పటి శిక్షాస్మృతిలో ఆ పనికి సరిపోయే సెక్షన్ లేదని తీర్పు. జనం రగిలిపోయారు. జనాన్ని చల్లార్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఏడాదే 295ఎ సెక్షన్ చేర్చింది. మత భావాలను ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే శిక్ష. ఇక గొడవ ఉండదనుకున్నారు. 1929లో రాజ్‌పాల్‌ను పొడిచి చంపారు.

దేశ విభజన తర్వాత ఆ సెక్షన్ రెండు దేశాలకూ వారసత్వంగా వచ్చింది. పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ కాలంలో దానికి 295బి, 295సి తోడయ్యాయి, మరణశిక్ష దాకా వెళ్లాయి. మతదూషణ ఆరోపణ మీద జైలుపాలైన ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ పక్షాన మాట్లాడినందుకు పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో సొంత అంగరక్షకుడే కాల్చేశాడు. ఆమె నిర్దోషి అని సుప్రీంకోర్టు తేల్చడానికి 2018 వరకూ పట్టింది. భారతదేశంలో ఆ సెక్షన్ 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా కొనసాగుతోంది. అవమానానికి చట్టం వెల కట్టిన కొద్దీ అవమానపడేవాళ్లు పెరిగారు. ముస్లింలే కాదు, హిందువులు, క్రైస్తవులు, సిక్కులు, కులసంఘాలు, అందరూ.

మా దగ్గర జరిగిందే చూడండి. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం విడుదలైంది. ఆ సభ మీదికి వచ్చి కుర్చీలు, పూలగుత్తులు విసిరినవాళ్లలో ఎన్నికైన శాసనసభ్యులు ఉన్నారు. 2017లో కంచ ఐలయ్య కోమట్ల గురించి రాసిన పుస్తకం మీద వ్యాపార కులాల సంఘాలు వీధికెక్కాయి, ఆయనకు బెదిరింపులొచ్చాయి, పుస్తకం నిషేధించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మతం వేరు, కులం వేరు, భాష ఒకటే. మా మనసు నొచ్చుకుంది కాబట్టి నువ్వు నోరు మూసుకో. ఈ అలవాటును బ్రిటన్‌కు మోసుకొచ్చినవాళ్లలో మా హిందువులూ ఉన్నారు. హైదరాబాద్‌లో సినిమాఘర్ కట్టుకున్న చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మల ప్రదర్శనను 2006 మేలో లండన్‌లోని ఏషియా హౌస్ నిర్వాహకులు మూసేసింది హిందూ సంఘాల నిరసన, బొమ్మల మీద దాడి కారణంగానే. ఇస్లాం మీద విమర్శ వచ్చినప్పుడు భావ ప్రకటన స్వేచ్ఛ గుర్తొచ్చి, తమ దేవతల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయేవాళ్లతో మాకు పొత్తు లేదు.

మళ్లీ బ్రిటన్ చట్టం దగ్గరికి వద్దాం. 2025 ఫిబ్రవరిలో లండన్‌లోని టర్కీ కాన్సులేట్ ముందు ఒక వ్యక్తి ఖురాన్‌ను తగలబెట్టాడు. ఆ పని మాలో చాలామందికి ఏమాత్రం నచ్చలేదు. మాలోని ముస్లింలకు అది గుండెల్లో గుచ్చుకుంది. వేరొకడు కత్తి పట్టుకుని అతని మీదికి వచ్చాడు. జూన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ మేజిస్ట్రేట్ కోర్టు తగలబెట్టినవాణ్ణి దోషిగా తేల్చి 240 పౌండ్ల జరిమానా వేసింది. కత్తి పట్టినవాడు సస్పెండెడ్ శిక్షతో బయటపడ్డాడు. అక్టోబర్ 10న సౌత్‌వర్క్ క్రౌన్ కోర్టు ఆ దోషి తీర్పును కొట్టేసింది. జనం ఎంత బాధపడినా, బాధ కలగకుండా చూడటం నేరచట్టం పని కాదన్నది ఆ తీర్పు సారాంశం. మేం దాన్ని స్వాగతిస్తున్నాం. అయితే ఒక న్యాయమూర్తి వివేకం మీద ఆధారపడిన రక్షణ చాలదు. కింది కోర్టు తీర్పు తీరు చూడండి. అతని మీద దాడి జరిగిందన్నదే అతని ప్రవర్తన అల్లరిదని చెప్పడానికి సాక్ష్యమైంది. కత్తి తీసినవాడి కోపం కత్తిపోటు తప్పించుకున్నవాడి నేరం ఎలా అవుతుంది? ఈ లెక్కన ఏ గుంపు ఎక్కువ హింసకు దిగితే దాని నమ్మకానికి అంత ఎక్కువ రక్షణ దొరుకుతుంది. శాంతంగా ఉండే ముస్లింకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

దీనికి పరిష్కారం మీ చట్టంలోనే ఉంది. మత ద్వేషం రెచ్చగొట్టడాన్ని నేరం చేస్తూ 2006లో తెచ్చిన చట్టం 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టంలో 29జె అనే సెక్షన్‌ను చేర్చింది. మతాలను, వాటి ఆచారాలను విమర్శించడం, ఎగతాళి చేయడం, చివరికి అవమానించడం కూడా ఆ నేరం కిందికి రాదని అది చెబుతుంది. ప్రభుత్వం ఇంత విశాలమైన రక్షణ వద్దంది. 2006 జనవరి 31న కామన్స్ సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో, 283కు 282తో, ప్రభుత్వం ఓడిపోయింది. ఆ రాత్రి టోనీ బ్లెయిర్ ఓటింగుకు ఉండకుండా వెళ్లిపోయారు. అంత సన్నటి అంచు మీద నిలబడిన సెక్షన్ అది. అయితే అది పబ్లిక్ ఆర్డర్ చట్టంలోని మత ద్వేష భాగానికే వర్తిస్తుంది. అదే చట్టంలోని 4ఎ, 5 సెక్షన్లకు వర్తించదు. కాన్సులేట్ ముందు జరిగినదాని మీద కేసు నడిచింది ఈ సందులోంచే. 29జె రక్షణను ఆ రెండు సెక్షన్లకూ విస్తరించాలని పార్లమెంటును కోరుతున్నాం. అదే సవరణలో, ఎదుటివాడి హింసాత్మక స్పందనను మాట్లాడినవాడి నేరానికి సాక్ష్యంగా వాడకూడదని కూడా రాయాలి.

ముస్లింల మీద ద్వేషాన్ని నిర్వచించే పని కోసం 2025లో డొమినిక్ గ్రీవ్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక బృందాన్ని వేసింది. నిర్వచనం ఉండటం మాకు అభ్యంతరం కాదు, అది మనుషుల గురించి ఉండాలి. ముస్లిం పేరు చూసి ఇంటర్వ్యూకు పిలవకపోవడం, గడ్డం చూసి తిట్టడం, హిజాబ్ లాగేయడం అందులో ఉండాలి. ఇస్లాం చరిత్ర మీద, ప్రవక్త జీవితం మీద, షరియత్ మీద చర్చ ఎంత కటువైనా ఆ నిర్వచనం దాని జోలికి రాకూడదు.

ఈ వినతిపత్రంలో సగం బరువు ముస్లిం పౌరుల భద్రత మీద ఉంది, దీన్ని చివర రాసినందుకు తేలిగ్గా తీసుకోవద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణన ప్రకారం ముస్లింలు సుమారు 39 లక్షలు, జనాభాలో 6.5 శాతం. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారులను ఒకడు చంపాడు. చంపినవాడు పడవలో వచ్చిన ముస్లిం శరణార్థి అని ఒక అబద్ధం పుట్టింది. మర్నాటి రాత్రికల్లా ఆ ఊరి మసీదు మీద రాళ్లు, ఇటుకలు. ఆగస్టు 4న రోథర్‌హామ్‌లో శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టబోయారు. సౌత్‌పోర్ట్‌లో తెల్లారేసరికి చుట్టుపక్కలవాళ్లు తాపీలు పట్టుకుని వచ్చి మసీదు గోడను తిరిగి కట్టిన మాటా నిజమే. ఆ చేతులకు మొక్కుతాం. గోడ కట్టడం ఇరుగుపొరుగు పని, గోడ పడకుండా చూడటం ప్రభుత్వం పని.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2019 మార్చి 15న శుక్రవారం నమాజులో ఉన్న 51 మందిని ఒకడు చంపాడు. వాళ్లలో హైదరాబాద్ బిడ్డలున్నారు. ఆ రోజు నుంచి మా ముస్లిం మిత్రులు జుమ్మాకు వెళ్తే తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచుతున్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ రాసిన నాటి నుంచి తెలుగు ముస్లిం కవులు చెబుతున్నది ఈ అనుమానం గురించే, పుట్టుకతోనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం గురించే. సముద్రాలు దాటి వచ్చినా అది వాళ్లను వదల్లేదు.

మసీదుల భద్రతకు హోం శాఖ పథకం ఉంది. దరఖాస్తు పెట్టిన చిన్న మసీదులకు కెమెరా, గట్టి తలుపు అందడం నెలల మాట కాకుండా చూడండి. బస్సుల్లో, ట్రైన్లలో హిజాబ్ వేసుకున్న మహిళల మీద జరిగే దాడులను మాటల గొడవగా కొట్టిపారేయకుండా ద్వేష నేరంగా నమోదు చేయించండి. ఉగ్రవాదం వైపు మళ్లేవాళ్లను గుర్తించాలంటూ 2015 చట్టం కింద బడుల మీద పెట్టిన ప్రివెంట్ బాధ్యత పేరుతో, పిల్లవాడు నమాజు చేస్తున్నాడనో, విదేశాంగ విధానం మీద కోపంగా మాట్లాడాడనో అధికారులకు చెప్పే పద్ధతి ఆపించండి. భావ ప్రకటన స్వేచ్ఛ కార్టూన్ వేసేవాడికి ఎంత ఉందో, ఆ కార్టూన్‌ను తిట్టే పదిహేనేళ్ల ముస్లిం కుర్రాడికీ అంతే ఉంది.

మసీదు కమిటీల పెద్దలకు కూడా మాదొక విన్నపం ఉంది. మతదూషణ ఆరోపణకు మొదట బలయ్యేది ముస్లింలే అని మీకు మాకంటే బాగా తెలుసు. 2016లో గ్లాస్గోలో అహ్మదియా మతస్తుడైన దుకాణదారును, ఈస్టర్ శుభాకాంక్షలు చెప్పి గంటలు గడవకముందే, బ్రాడ్‌ఫర్డ్ నుంచి కారులో వచ్చినవాడు ప్రవక్తను అవమానించావంటూ చంపాడు. 2022లో షియా మతపెద్ద రాసిన ‘ది లేడీ ఆఫ్ హెవెన్’ సినిమాను హాళ్ల ముందు నిరసనల తర్వాత సినీవరల్డ్ సంస్థ అంతటా తీసేసింది. 2015 జనవరిలో షార్లీ ఎబ్డో ఆఫీసు మీద దాడి చేసినవాళ్లు రోడ్డు మీద కాల్చి చంపిన పోలీసు పేరు అహ్మద్ మెరబె. అదే ఆఫీసులో చనిపోయిన అక్షరదోషాల సవరణకర్త పేరు ముస్తఫా ఊరాద్. 2017లో లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ దగ్గర నమాజు ముగించుకుని వస్తున్నవాళ్ల మీదికి వ్యాను నడిపినవాణ్ణి, పోలీసులు వచ్చేదాకా కోపోద్రిక్తులైన జనం చేతికి చిక్కకుండా కాపాడింది ఒక ఇమామ్. మీలో ఆ ఇమామ్ వంటివాళ్లున్నారు. బడి గేటు ముందు జనం పోగైన రోజున ఆయనలా ముందుకొచ్చి నిలబడండి. మతం వదిలేసిన మీ ఊరి పిల్లవాడికి ఏ హానీ జరగదని మిన్బర్ మీది నుంచి చెప్పండి.

తెలుగు సంఘాలకు చెప్పేది తక్కువే. సంక్రాంతి, ఉగాది సభల్లో ముస్లింలను అవమానించే ప్రసంగాలకు మైకు ఇవ్వకండి. అలాంటి ప్రసంగం నేరమని ఎవరూ అనడం లేదు. మీ వేదిక మీద ఎవరిని కూర్చోబెట్టాలన్నది మీ ఇష్టం, ఆ ఇష్టానికి మీరు జవాబుదారులు. సంఘం వాట్సాప్ గ్రూపుల్లో సౌత్‌పోర్ట్ నాటి అబద్ధం తిరిగినప్పుడు దాన్ని ఖండించిన నిర్వాహకులు చాలా తక్కువమంది.

హోం శాఖ, విద్యాశాఖ ఈ వినతిపత్రానికి రాతపూర్వకంగా జవాబివ్వాలని, ఉపాధ్యాయుల భద్రత గురించిన నియమానికి గడువు తేదీ ప్రకటించాలని, 29జె సవరణపై పార్లమెంటు మానవ హక్కుల సంయుక్త కమిటీ విచారణ జరపాలని, ఆ విచారణలో మాలోని ఉపాధ్యాయుల, హిజాబ్ ధరించే మహిళల, మతం వదిలినవాళ్ల వాంగ్మూలాలను వేర్వేరుగా, పేర్లు బయటపెట్టకుండా తీసుకోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
బ్రిటన్‌లో నివసిస్తున్న తెలుగువారు